బదులు పరుగు

జనవరి 18, శనివారం

జెస్సీకి బెంగళూరు క్యాంపుకు కావలసిన టైం వచ్చింది. నాకు రాలేదు. రెండే రెండు సెకన్లు.

సంతోషంగానే ఉన్నాను. కర్నూలు నుంచి కడపకు బస్సులో వస్తూ రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతే తప్పు రోడ్డుది. పక్కన జెస్సీ నా భుజం మీద తల వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. పతకం ఇంకా మెడలోనే ఉంది. తీసి సంచిలో పెట్టుకోవే అంటే వినదు.

పదిహేను వందల మీటర్లంటే మూడు ముప్పావు చుట్లు. మొదటి మూడు చుట్లూ నేనే ముందు. అనుకున్న ప్రకారమే. ఎదురుగాలి మొత్తం నేను తిన్నాను, అది నా వీపు చాటున వచ్చి ఆఖరి మలుపులో నన్ను దాటింది. దాటేటప్పుడు "థ్యాంక్సక్కా" అంది కూడా. ఊపిరాడని చోట థ్యాంక్స్ ఒకటి దీని మొహానికి!

రంగనాథ్ సార్ దాన్ని ఎత్తుకున్నంత పని చేశారు. తర్వాత నా దగ్గరికొచ్చి "బాగా లాగినావు మహిమా" అన్నారు. పరిగెత్తినావు అనలేదు. లాగినావట, ఎద్దునన్నట్టు. పోనీలే, కోచ్ కదా, ఏదో ఒకటి అంటారు.

వచ్చే నెల ఎనిమిదిన కడపలో మీట్. అక్కడ జెస్సీ ముందు పోవాలి, నేను దాని వెనక పోవాలి. మూడు చుట్లకు మూడు చుట్లు.

జనవరి 19, ఆదివారం

ఊరికొచ్చాను. మైదుకూరులో దిగిన దగ్గర్నుంచి రోడ్డుకు రెండు పక్కలా పసుపు తవ్వకాలే.

చర్చిలో సాక్ష్యం చెప్పే వేళ అమ్మ లేచి నిలబడింది. ఇంట్లో నోరు మూయని విశ్వాసమ్మ అక్కడ మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుని మాట్లాడుతుంది. "మా బిడ్డ ముందు పోతే జెస్సమ్మ గెలిచింది. వచ్చే నెల జెస్సమ్మ ముందు పోతే మా బిడ్డ గెలుస్తాది. దేవునికి స్తోత్రం" అంది. సంఘమంతా స్తోత్రం అంది. జెస్సీ వాళ్ళది చర్చి వెనక వీధే, ఆడవాళ్ళ చాపల మీద నా ముందు వరసలోనే కూర్చుంది. తల వంచుకుని ముసిముసిగా నవ్వింది.

మా ఊళ్ళో పసుపు తవ్వడానికి కూలికి ఎవరినీ పిలవరు. బదులుకు పోతారు. ఈ రోజు వాళ్ళ చేన్లో మేమందరం, రేపు మా చేన్లో వాళ్ళందరూ. ఎవరికి ఎన్ని రోజులున్నాయో ఎవరూ రాసుకోరు, అందరికీ తెలుసు. పరుగు కూడా అంతేనని జెస్సీకి పోయినేడాది నేనే చెప్పాను. "సరేక్కా, బదులే" అంది. ఆ మాట విని సార్ పడీపడీ నవ్వారు. "ఇది పరుగమ్మా, మీ పసుపు చేను కాదు" అన్నారు.

నవ్వుకోనీ. ఆయన ఏనాడు చేన్లోకి దిగాడు గనక.

జనవరి 23

ఫోన్లో పెద్ద పోటీల వీడియోలు చూస్తూ కూర్చున్నాను. ఆడవాళ్ళ ఫైనల్. గీత మీద ఇరుక్కుని నిలబడతారు, మోచేతులు మోచేతులకు తగులుతుంటాయి. గెలిచిన ఆమెను చూడను నేను. ఆఖరున వచ్చిన ఆమెను చూస్తాను. ఆ ఆఖరామె కూడా నన్ను ఒక మలుపంత వెనక వదిలేస్తుంది. ఆమెకేం, ముందు పదిమంది లాగుతుంటారు, పక్కన నలుగురు తోస్తుంటారు. కుంటిది కూడా పరిగెత్తుతుంది అక్కడ.

మా దగ్గర మగపిల్లల పరుగుకు గీత పట్టదు, రెండు గుంపులు చేస్తారు. మా పరుగుకు జెస్సీ, నేను, మాకు ఒక చుట్టు వెనక కోసిగి పిల్ల శివకుమారి. అంతే. ఆడపిల్లలు లేక కాదు. పదో తరగతి వరకు బోలెడు మంది పరిగెత్తుతారు. ఆ తర్వాత ఏమైపోతారో అందరికీ తెలుసు, రాసేదేముంది.

బెంగళూరు క్యాంపుకు పోవాలి. అక్కడ పన్నెండు మంది అమ్మాయిలు ఒకే గీత మీద నిలబడతారట. ఒక్కసారైనా అందరి మధ్యన పరిగెత్తాలి. ఎవరో మోచేత్తో పొడవాలి, ఎవరి బూట్ల స్పైక్సో నా పిక్కకు గీసుకోవాలి. గాలి ఇంకెవరైనా తినాలి. ఈ మార్చి దాటితే నా వయసు దాటిపోతుంది.

జనవరి 30

ప్రాక్టీసులో జెస్సీ మూడు చుట్లు ముందు పోయింది. రెండో చుట్టులోనే భయపడి వెనక్కి చూసింది. "ఇంకోసారి చూస్తే మెడ విరుస్తా" అన్నాను. పడీపడీ నవ్వింది.

బాగా లాగుతోంది. వస్తుంది నాకు. ఈసారి వస్తుంది.

ఫిబ్రవరి 7

జెస్సీ సాయంత్రం ఊరికి పోయింది. వాళ్ళవ్వకు బాగా లేదట. దాని కోసం బొరుగుల ఉగ్గాని చేస్తే ముట్టలేదు. "పొద్దున్నే ఫస్ట్ బస్సుకు వస్తాలేక్కా" అంది. స్పైక్స్ సంచిలో పెట్టుకునే పోయింది.

ఫిబ్రవరి 8

పరుగు జరగలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

చర్చికి పోలేదు. కడపలో మా గదిలోనే ఉన్నాను.

ముగ్గురు ఉంటేనే ఈవెంట్. ఇద్దరైతే తీసేస్తారు. మాకు తెలిసిన సంగతే, ఎన్ని మీట్లలో చూడలేదు. కానీ జెస్సీ రాకపోవడమన్నది నా లెక్కలోనే లేదు. గీత దగ్గర నేనూ శివకుమారీ నిలబడ్డాం. ఆ పిల్ల కోసిగి నుంచి రైల్లో వచ్చింది, ఒంటరిగా. వాళ్ళమ్మా నాన్నా మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి పోయారట, కూలి వలస.

ఎదురు చూశాం. గేటు వైపు చూసీ చూసీ నా మెడ పట్టేసింది. జావెలిన్ వేసే పొడుగుపిల్ల ఒకతె నీళ్ళు తాగుతుంటే పోయి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "పరిగెత్తొద్దు తల్లీ, ఊరికే నడువు. లెక్కకు ముగ్గురైతే చాలు" అన్నాను. మంచి పిల్ల, సరేనంది. రంగనాథ్ సార్ అడ్డొచ్చారు. ఎంట్రీలు మూసేశారట, ఇప్పుడు కొత్త పేరు చేర్చకూడదట. ఆయన ఎప్పుడూ రూల్స్ మాట్లాడే మనిషి కాదు. ఎండకు తలనొప్పేమో అనుకున్నాను.

మైకులో రద్దు అన్నారు.

శివకుమారి నా వైపు చూసి "అక్కా, ఉత్తగనే పరిగెత్తుదామా? ఇంత దూరం వచ్చినాం గదా" అంది. "పోవే" అని కసురుకున్నాను. అందరూ అన్నానికి పోయాక ఆ పిల్ల ఒక్కతే పరిగెత్తింది. మూడు ముప్పావు చుట్లు. ఎవరూ గడియారం నొక్కలేదు. నేను రేకుల నీడన కూర్చుని చూశాను.

ఫిబ్రవరి 11

జెస్సీ ఫోను స్విచాఫ్. అవ్వకు సీరియస్ అయివుంటుంది. లేదా బస్సు దొరికుండదు. వాళ్ళింట్లో ఒకటే ఛార్జరు, అదీ ఊగుతుంటుంది. అది కావాలని చేసే రకం కాదు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను కదా, నా ఎంగిలి తిని పెరిగింది.

నేనే పోయి చూసి వస్తే బాగుండేది. ఆ ముసలామెకు ఎట్లా ఉందో పాపం.

ఫిబ్రవరి 13

గ్రౌండులో సున్నం గీతలు గీసే సుంకప్ప ఇవాళ డబ్బా కింద పెట్టి నన్ను పిలిచాడు.

"ఏమమ్మా, ఆ పొద్దు మీ జెస్సమ్మ గేటు దంకా వచ్చి మళ్ళ ఎందుకని ఎల్లిపాయె?"

ఏ పొద్దు అన్నాను.

"అదేనమ్మా, మీట్ పొద్దు. సారు ఆటో కాడికి పోయి ఏందో చెప్పె. ఆయమ్మి ఏడ్సుకుంట మళ్ళ ఆటో ఎక్కె. నేను గీతలు గీస్తాంటి, ఈ కండ్లతో చూస్తి."

"వేరే ఎవరో అయ్యుంటారు" అన్నాను.

"అయ్యుంటారులే" అన్నాడు సుంకప్ప. నా మొహం చూసి అట్లా అన్నాడు.

ఫిబ్రవరి 14

వచ్చింది మహాతల్లి. సంచిలో వాళ్ళమ్మ చేసిన మురుకులు. నాకోసమట.

"అవ్వకెట్లుండాది?" అని అడిగాను.

"బాగుండాదక్కా."

"బాగుంటాదిలే, ఆమెకేమొచ్చింది. గేటు దంకా వచ్చినావంట?"

మురుకుల డబ్బా కింద పెట్టింది. చాలాసేపు మూత బిగిస్తూనే ఉంది.

"సార్ వద్దన్న్యాడక్కా. క్యాంపుకు మన సెంటర్ నుంచి ఒక్కర్నే పంపిస్తారంట. నేను ముందు పోతే నీకు నాకంటే శానా మంచి టైం వస్తాదంట. అప్పుడు నిన్నే పంపిస్తారంట."

"సార్ చెప్పినాడు సరే. నీకేమనిపిచ్చింది?"

"నాక్కూడా అట్లే అనిపిచ్చిందక్కా."

అబద్ధం చెప్పి ఉంటే తిట్టి ఊరుకునేదాన్నేమో. దాని సంచిలోని స్పైక్స్ తీసి వాకిట్లోకి గిరాటేశాను. ఒకటి కాలవలో పడింది. అది పోయి తీసుకుని, కొళాయి కింద కడుక్కుని, సంచి సర్దుకుని వెళ్ళిపోయింది. మురుకుల డబ్బా ఇక్కడే ఉంది. ముట్టను.

జనవరిలో మూడు చుట్లు గాలి తిన్నది నేను. నా వీపు చాటున, నా నీడలో వచ్చింది. ఛీ.

ఫిబ్రవరి 15

సార్‌ను అడిగేశాను. తప్పించుకోలేదు ఆయన. "ఒక్క సీటమ్మా, నేనేం చేసేది? అది చిన్నపిల్ల, ఇంకా నాలుగేండ్లు పరిగెత్తుతాది. నీకు ఈ మార్చితో అయిపాయె గదా. ఎవురి మీద ఖర్చు పెడితే లాభం, నువ్వే చెప్పు" అన్నారు.

అయిపోతుంది కాబట్టే కదా సార్ నాకు ముందివ్వాల్సింది! నోటి దాకా వచ్చింది. "సరే సార్" అన్నాను. పిరికిదాన్ని.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. కొంగుతో కళ్ళు తుడుచుకుంది, వాళ్ళను ఏడు తరాలకు సరిపడా తిట్టింది. హమ్మయ్య అనుకున్నాను. చర్చి నుంచి వచ్చాక చూస్తే పసుపు తవ్వే గొర్రు కడిగి పెడుతోంది.

"రేపు జెస్సమ్మోళ్ళ చేన్లో తవ్వకం. పొద్దున్నే పోవాల" అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "సిగ్గు లేదా నీకు? ఎట్ల పోతావే వాళ్ళ చేన్లోకి?"

"వాళ్ళు ముగ్గురొచ్చి మన చేన్లో ఒక పొద్దు చేసిపోయినారు. అది మన మీదుండాది."

"వాళ్ళు నాకు చేసింది?"

"అది వాళ్ళ మీదుండాది" అంది అమ్మ. "వాళ్ళది వాళ్ళు చూసుకుంటారు. బదులు మీదేసుకోని నాకు నిద్ర రాదు పాపా."

నాన్న కూడా తలూపాడు. పిచ్చి మాలోకాలు ఇద్దరూ. వీళ్ళ కడుపున పుట్టబట్టే కదా నేనూ ఇట్లా తగలబడ్డాను.

ఫిబ్రవరి 25

ఇవాళ గ్రౌండులో పెద్ద కబురు. జెస్సీ టైం చెల్లదట!

జనవరి మీట్‌లో చేత్తో నొక్కే గడియారాలు వాడారు. క్యాంపుకు కరెంటు గడియారం టైం తప్ప తీసుకోరట. సార్‌కు ముందే తెలియదా అంటే, ఈ ఏడే మార్చారట. జెస్సీ రేకుల కింద కూర్చుని ఏడుస్తోంది. చుట్టూ నలుగురు ఓదారుస్తున్నారు.

నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను, దానికి వినపడేటట్టు.

గదికి వచ్చాక తట్టింది. కడప మీట్‌లోనూ చేతి గడియారాలే. జెస్సీ ఆ రోజు వచ్చి, లాగి, నాకు టైం వచ్చినా ఇప్పుడు చెల్లేది కాదు. అంటే అది ఎగ్గొట్టినందువల్ల నాకు పోయిందేమీ లేదు.

పోయిందేమీ లేదట. మరి ఈ మంట ఎందుకుంది?

మార్చి 2, ఆదివారం

చర్చి అయ్యాక జెస్సీ మా ఇంటి గడప దగ్గరకొచ్చి నిలబడింది. లోపలికి రాలేదు. అమ్మే "రామ్మా జెస్సమ్మా, నిలబడ్డావేం" అంది. అమ్మకు బుద్ధి లేదు.

పదిహేనున కర్నూలులో మీట్. కరెంటు గడియారం తెప్పిస్తున్నారు. ఎంట్రీలు ఐదు వచ్చాయి, మా పరుగుకు అదే పండగ. అది ఆఖరి అవకాశం, దానికీ నాకూ. ఈ ఏడు కాకపోతే దానికి మరో ఏడుంది. నాకు లేదు.

"అక్కా, శివకుమారి గాకుండా మిగిల్న ఇద్దరూ కొత్తోళ్ళు. ముందు పోయేటోళ్ళు ఎవురూ లేరు. మనిద్దరం కలిస్తేనే టైం వస్తాది. మొదటి రెండు చుట్లు నువ్వు లాగు. మిగిల్నేదంతా నేను లాగుతా. ఆఖర్న నువ్వు నన్ను దాటుకోని పో. నీకు మంచి టైం వచ్చినా సరే, నువ్వే పో క్యాంపుకు."

"సార్ మళ్ళ ఆటో కాడికి వస్తే?"

ఏడ్చేసింది. బైబిలు మీద చెయ్యి పెట్టబోయింది. "ఒట్లు గిట్లు వద్దులేవే" అని చెయ్యి లాగేశాను. సరేనన్నాను. తెగేదాకా లాగితే నాకే నష్టం కదా.

మార్చి 9, ఆదివారం

క్షమించాను. ప్రార్థనలో పైకే చెప్పాను.

మార్చి 12

క్షమించాను.

మార్చి 15

గాలి ఎక్కువగా ఉంది. మొదటి రెండు చుట్లు మెల్లగా పోయాయి. నేను ఫస్టు, జెస్సీ సెకండు. టైం ఇద్దరికీ రాలేదు.

మార్చి 16, ఆదివారం

అమ్మ చర్చిలో సాక్ష్యం చెప్పింది. బిడ్డ గెలిచిందట. పతకం చూపించమని అందరూ అడిగితే చూపించాను. బరువుగానే ఉంది.

గాలి వల్లే. మైదానం చుట్టూ చెట్లు లేవు, కర్నూలు గాలి సంగతి తెలిసిందే కదా. ఎదురుగాలిలో ఎంతని లాగను? చుట్టుకు ఐదారు సెకన్లు పోయాయి. ఎవరు ముందున్నా పోయేవి.

రెండు చుట్లు అయిన చోట జెస్సీ బయటి నుంచి వచ్చి ముందుకు పోయింది. సరిగ్గా గీత దగ్గరే, అనుకున్న చోటే. పిచ్చిపట్టినట్టు లాగింది. ఆ పిల్ల అంత లాగగలదని నాకు తెలియదు. ఒకసారి వెనక్కి తిరిగి "రాక్కా! రా!" అని అరిచింది. నేను దాని వీపు చాటున పోయాను. మొదటిసారి. ఎంత హాయిగా ఉందో! ఎవరో పీట వేసి కూర్చోబెట్టినట్టుంది. ఇంత సుఖాన్ని నేను దానికి జనవరిలో మూడు చుట్లు ఇచ్చానన్నమాట. ఆఖరి మలుపులో దాటాను. బోర్డు మీద టైం చూశాను. జెస్సీ కూడా చూసింది. గడ్డి మీద పడిపోయింది.

గాలి లేకపోతే వచ్చేది.

మార్చి 17

శివకుమారి ఫోన్ చేసింది. మూడో స్థానం వచ్చిన సంతోషం ఇంకా దిగలేదు దానికి. మొదటి రెండు చుట్లు మా వెంటే ఉందట, ఎప్పుడూ ఒక చుట్టు వెనకుండేది.

"మీరు నాకోసరమే మెల్లగ పోయినారు గదక్కా? నన్ను కలుపుకున్న్యారు. నాకు తెల్సులే. మా యమ్మకు గూడ చెప్పినా."

"లేదమ్మా, గాలి" అన్నాను.

"గాల్యా?" అంది. పెద్దవాళ్ళకు ఎదురు చెప్పే పిల్ల కాదు.

మార్చి 18

సార్‌కు నా మీదేం కోపం లేదు. "గాలుంటే మనమేం చేస్తాంలేమ్మా" అన్నారు. ఆయన ఆ రోజు మగపిల్లల దగ్గరున్నారు, మా పరుగు చూడనే లేదు.

మార్చి 20

గది ఖాళీ చేసి ఊరికొచ్చేశాను. సాయంత్రం జెస్సీ వచ్చింది. ఈసారి నేరుగా లోపలికే వచ్చి, నా మంచం మీద కూర్చుంది, ఎప్పట్లాగే. వచ్చే ఏడు చూసుకుంటానంది. నా మొహం చూసి నాలుక కరుచుకుంది.

అడిగాను. "గీత కాడ్నే బోర్డు ఉన్నింది గదా జెస్సీ. రెండు చుట్లలో ఒక్కసారన్నా టైం చూడలేదా నువ్వు? చూసింటే ముందే దాటుకోని పోయేదానివి గదా."

"నేనెందుకు చూడాలక్కా? నువ్వు ముందరున్నావు గదా. నేను నీ వీపే చూస్తాంటి."

తల తిప్పుకుని సంచిలో బట్టలు తీయసాగాను.

"నువ్వేం బాధ పడొద్దక్కా" అంది. నన్ను ఓదారుస్తోంది! "అంత గాలిలో నువ్వు మాత్రం ఏం చేస్తావు. నా బదులు నేను తీర్చుకున్న్యా, నాకదే శానా. ఆ పొద్దు నుంచి నిద్ర పడ్తాండ్లేదు నాకు. ఇప్పుడు పడ్తాండాది."

లేచి పోతూ గడప దగ్గర ఆగి, "రేపు మీ పసుపు ఉడకేస్తాండారంట గదా. పొద్దున్నే వస్తా. మొన్న మా పసుపు ఉడకేసినప్పుడు పెద్దమ్మ వచ్చింది, ఆ పొద్దు మా మీదుండాది" అంది.

అమ్మ లోపల్నుంచి "రామ్మా" అంది.

నాకు కాళ్ళలోనే తెలుస్తుంది చుట్టు వేగం. బోర్డు చూడనక్కర్లేదు. ఆ రోజు మొదటి మలుపులోనే తెలుసు, రెండో మలుపులోనూ తెలుసు. వెనక జెస్సీ ఊపిరి తేలిగ్గా వినబడుతోంది, అంత తేలిక ఊపిరికి టైం రాదని కూడా తెలుసు. వేగం పెంచడానికి కాళ్ళలో కావలసినంత ఉంది. పెంచలేదు. దానితోపాటు నాదీ పోతుందని తెలిసే పెంచలేదు.

మైదానం చుట్టూ రంగు జెండాలు కట్టారు ఆ రోజు. అన్నీ కర్రలకు అతుక్కునే ఉన్నాయి. ఒక్కటీ కదలలేదు. రెండు చుట్లూ వాటిని చూస్తూనే పరిగెత్తాను.

గాలి లేదు.